మేక మీద మోపిన నింద

కర్నూలు జిల్లా పత్తికొండ మెట్ట పల్లెల్లో వాన తప్పిన ఏడు చేలో జొన్న ఉండదు, దొడ్లో చొప్ప ఉండదు, బావిలో నీళ్లుండవు. వంక గట్టున తుమ్మ మాత్రం ఉంటుంది. గుట్ట మీద రేగు, బలుసు, కలే పొదలు ఉంటాయి. ముళ్ల మధ్య ఆకును పెదాలతో ఏరుకుని తిని, పిల్లల్ని ఈని, అవసరం వచ్చిన రోజున ఇంటికి బియ్యమై, బడి ఫీజై, ఆసుపత్రి ఖర్చై ఆదుకునేది మేక. ఆ మేకనే పాలకులు వందేళ్లకు పైగా అడవికి శత్రువుగా చూశారు. గుట్టలు బోడి కావడానికి కారణం అదేనని చట్టాల్లో, నివేదికల్లో రాశారు. ఆ నింద ఎలా పుట్టిందో, ఎవరు దాన్ని పరిశీలించి చూశారో చెప్పే చరిత్రలో పత్తికొండ నేలకూ చోటుంది. ఈ రోజు ఇరవై మేకలతో చిన్న ఫారం పెట్టాలనుకునే రైతుకు ఆ చరిత్ర పనికొస్తుంది.

బూడిద దిబ్బల కాలం

మేకను మనిషి మచ్చిక చేసుకున్నది దాదాపు 10,000 ఏళ్ల కిందట, ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల ప్రాంతంలో. అక్కణ్నుంచి అది మన దక్కను పీఠభూమికి రావడానికి వేల ఏళ్లు పట్టింది. కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో, తుంగభద్ర, కృష్ణ నదుల మధ్య నేలలో కనిపించే బూడిద దిబ్బలు ఆ తొలి పశుపాలకుల గుర్తులు. పశువులను రాత్రిళ్లు తోలిన దొడ్లలో పేడ గుట్టలుగా పేరుకునేది. దాన్ని మళ్లీ మళ్లీ కాల్చగా ఈ దిబ్బలు ఏర్పడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1957లో పాలమూరు వైపు ఉట్నూరులో తవ్వి ఈ సంగతి నిరూపించాడు. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బల మీద శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి పరిశోధన చేశారు. ఈ నవీన శిలాయుగపు ఆవాసాల్లో ఎద్దుల ఎముకలదే పెద్ద వాటా. వాటితోపాటు గొర్రె, మేక ఎముకలూ దొరికాయి. అంటే ఈ రాళ్ల నేలలో జీవాల పెంపకం వయసు నాలుగు వేల ఏళ్లకు తక్కువ కాదు. మేక మేసినంత మాత్రాన చెట్టు నశించేదే అయితే, ఈ గుట్టల మీద పచ్చదనం ఎప్పుడో మాయమై ఉండాలి.

ఎర్రగుడి బండ మీద పశువైద్యం

గుత్తి నుంచి పత్తికొండ వచ్చే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండలున్నాయి. అశోకుడి పెద్ద శిలాశాసనాలూ చిన్న శిలాశాసనమూ ఒకేచోట ఉండటం ఇక్కడి ప్రత్యేకత. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించేదాకా చుట్టుపక్కల కాపరులకు అవి గీతలున్న బండలు మాత్రమే. పత్తికొండకు ఇంకా దగ్గర్లో, చిన్నహుల్తి వద్ద రాజుల మందగిరిలో అశోకుడి మరో చిన్న శాసనం ఉంది.

ఎర్రగుడి బండల మీదున్న రెండో పెద్ద శాసనం జీవాలు పెంచేవాళ్లు చదవాల్సినది. మనుషులకూ పశువులకూ వేర్వేరుగా వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు దొరకని చోట తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెంచానని అందులో రాజు చెప్పుకున్నాడు. ఆ బావులూ చెట్లూ మనుషులతోపాటు పశువుల కోసమని స్పష్టంగా చెక్కించాడు. నీడ, నీళ్లు, మందు ఈ మూడూ పశువుకు పాలకుడు చూపాల్సిన బాధ్యత అని క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే ఈ సీమలో రాతికెక్కింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలను కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద అక్కర్లేదు.

మన్రో గీసిన హద్దులు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే పనిచేశాడు. చేనూ చేనూ కొలిపించి, రైతు పేరు మీదే పన్ను కట్టించుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి ముగించుకుని వెళ్లే ముందు తాను పనిచేసిన ఊళ్లను మరోసారి చూడాలని బయల్దేరాడు. దారిలో కలరా సోకి 1827 జులై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేసి, కొన్నేళ్లకు అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన గుర్తుగా ప్రభుత్వం పత్తికొండలో ఒక తోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించింది. అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న పత్తికొండ తాలూకా 1858లో కర్నూలు జిల్లాలో చేరింది.

రైత్వారీ రైతుకు పట్టా ఇచ్చింది. దాంతో జమీందారు చేతి కింద నలగకుండా బతికే వీలు కలిగింది, అది చిన్న మేలు కాదు. అయితే ఆ లెక్కల పుస్తకంలో పట్టా లేని నేలంతా సర్కారుదైంది. బంజరు, పోరంబోకు, గుట్ట, వంక అన్నీ ఆ పద్దులోకే వెళ్లాయి. ఊరి మంద తరతరాలుగా మేసిన బీడుకు ఎవరి పేరూ లేదు కాబట్టి, రేపు దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం కచేరీకి దక్కింది. చేనుకు దొరికిన రక్షణ మేతకు దొరకలేదు. మేక మీద తర్వాత వచ్చిన తగాదా అంతా ఇక్కడ మొదలైంది.

ధాత కరువు, అడవి చట్టం

1876-78 నాటి మహా కరువును మనవాళ్లు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో అందరికన్నా ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో కర్నూలు, బళ్లారి, కడప ఉన్నాయి. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. పశువులు లెక్కకు మిక్కిలిగా చనిపోయాయి.

కరువు తర్వాత మెట్ట కుటుంబం తిరిగి లేవడానికి మేక ఎందుకు ఆసరా అవుతుందో దాని ఒంటి తీరులోనే ఉంది. ఆవుకు గడ్డి కావాలి, గొర్రెకు నేల మీద పచ్చిక కావాలి. మేక వెనక కాళ్ల మీద లేచి కొమ్మ అందుకుంటుంది. తుమ్మాకులోని వగరు దానికి సరిపడుతుంది, రాలిన తుమ్మకాయా దానికి మేతే. చూడి ఐదు నెలలే. బాగా మేపితే రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి, కవల పిల్లలు సాధారణం. ఒక ఆడమేక మిగిలిన ఇల్లు కొన్నేళ్లలో మళ్లీ చిన్న మందను చూడగలదు. గొర్రెలు కాసే కురువల మందల్లో కూడా నాలుగైదు మేకలుంటాయి. అవి ముందు నడిస్తే గొర్రెలు వెంట వస్తాయి. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు మేక పాలే దిక్కు.

కరువు గాయం మానకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గుట్టలు, అడవులు రిజర్వులయ్యాయి. పశువులు మేపాలంటే తల లెక్కన రుసుము కట్టాలి. మేకలను చాలా రిజర్వుల్లో అసలు అడుగు పెట్టనివ్వలేదు. ఆ కాలపు అటవీ అధికారుల మనసులో సెయింట్ హెలెనా దీవి ఉదాహరణ బలంగా ఉండేది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు నావికులు అక్కడ మేకలను వదిలారు. అవి విచ్చలవిడిగా పెరిగి దీవిలోని అడవిని చాలావరకు తుడిచిపెట్టాయి. 1836లో ఆ దీవిలో దిగిన చార్లెస్ డార్విన్ ఈ సంగతి రాశాడు. అది నిజమే. కానీ కాపరి లేని దీవిలో జరిగింది, కాపరి ఉన్న పత్తికొండ గుట్టకు ఎలా వర్తిస్తుంది? ఇక్కడ ఏ రోజు ఏ వంకకు తోలాలి, ఏ నెలలో ఏ చెట్టు మండ కోయాలి అన్నది మనిషి నిర్ణయం. కోత అయ్యాక రైతులు తమ చేలో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా పడిన పెంటిక, మూత్రం చేనుకు ఎరువు. అడవి, బీడు, చేను మూడింటినీ కలిపే ఆ తిరుగుడును చట్టం చూడలేదు. ఆకు తిన్న నోటిని మాత్రమే చూసింది.

రైల్వేలకు కలప, పట్నాలకు కట్టెలు, బొగ్గు ఇవన్నీ ఆ గుట్టల నుంచే వెళ్లాయి. వాటికి పర్మిట్లు దొరికాయి. మేకకు జరిమానా పడింది. ఈ అడవి పన్నుల మంట రగిలిన చోటే పల్నాడులో పుల్లరి (మేత పన్ను) వ్యతిరేక పోరాటం లేచింది, 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. పశువు మేతకు పన్ను కట్టనన్నందుకు ఒక తెలుగు రైతు ప్రాణమిచ్చాడన్న సంగతి జీవాలు కాసే ప్రతి ఇంటికీ తెలియాలి.

హనుమంతరావు నివేదిక

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మేక మీద అనుమానం పోలేదు. జాతీయ వ్యవసాయ కమిషన్ 1976 నివేదికలో మేకల సంఖ్యను అదుపు చేయాలని చెప్పింది. మరోపక్క అదే కాలంలో కరువు ప్రాంతాల పథకాలు, గ్రామీణాభివృద్ధి రుణాలు పేదలకు మేకలనూ గొర్రెలనూ ఇచ్చాయి. ఒక చేత్తో మేకను ఇచ్చి, మరో చేత్తో అది మేసే చోటును మూసేశారు.

ఈ చిక్కును తేల్చమని కేంద్ర వ్యవసాయ శాఖ ఒక కార్యదళాన్ని వేసింది. దానికి నాయకుడు కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు, ప్రణాళికా సంఘంలో సభ్యుడిగా పనిచేసినవాడు. సున్నితమైన నేలల మీద గొర్రెలు, మేకల ప్రభావం ఏమిటన్న ప్రశ్నకు 1987లో ఆ కార్యదళం నివేదిక ఇచ్చింది. నేల చెడటానికి మేకే కారణమనడానికి తగిన ఆధారం లేదని ఆ పరిశీలన తేల్చింది. ఉమ్మడి భూములు కుంచించుకుపోవడం, వంటచెరకు కోసం చెట్లు నరకడం, మిగిలిన కొద్దిపాటి చోట అన్ని రకాల పశువులూ కిక్కిరియడం అసలు కారణాలు. మిగతా పశువులు వదిలేసిన నేలలో చివరగా మేక కనిపిస్తుంది. చివర కనిపించినదాన్నే దోషి అన్నారు.

మేకను తగ్గించాలన్న సలహాను దేశం పాటించలేదు కూడా. 1951లో 4.72 కోట్లున్న మేకలు 2019 పశుగణన నాటికి 14.89 కోట్లకు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది లెక్క 55 లక్షలకు పైనే. పేదలు ఏ కమిషన్నూ అడగకుండా తమ అనుభవంతో ఇచ్చిన తీర్పు అది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఒకచోట ఉండే, తిరిగే మందల మేతను కూడా సముదాయ హక్కుగా రాసింది. 1882 చట్టం లాక్కున్నదానిలో కొంతైనా చట్టంలోనే తిరిగి వచ్చింది.

ఇప్పటి చిన్న ఫారం

నిందకన్నా పెద్ద ముప్పు ఇప్పుడు రోగం, మేత కొరత. పీపీఆర్‌ను మన పల్లెల్లో పారుడు రోగం అంటారు. దేశంలో దాన్ని మొదటగా గుర్తించింది కూడా 1987లోనే, తమిళనాడులోని అరసూరులో. మంద మొత్తం జ్వరంతో, చీమిడితో, పారుడుతో రోజుల్లో నేలకొరుగుతుంది. దీనికి మన దేశంలోనే తయారైన మంచి టీకా ఉంది. ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. పశువుల ముసర వ్యాధిని ప్రపంచం 2011 నాటికి పూర్తిగా తుదముట్టించింది. 2030 నాటికి పారుడు రోగాన్నీ అలాగే నిర్మూలించాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి. వానలకు ముందు చిటుక రోగం టీకా, కాలానుగుణంగా నట్టల మందు, పుట్టిన గంటలోపే పిల్లకు ముర్రుపాలు. చిన్న ఫారం లాభనష్టాలు తేలేది ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే, ఎందుకంటే మేకల పెంపకంలో అసలు నష్టం పిల్లల చావే.

మిగతా లెక్క కష్టమేమీ కాదు. ఇరవై, పాతిక ఆడమేకలకు ఒక పోతు చాలు. రెండేళ్లకోసారి పోతును మార్చాలి, లేకపోతే దాని కూతుళ్లకే అది దాటుతుంది, పిల్లలు బలహీనపడతాయి. పెద్ద మేకకు పది చదరపు అడుగుల చోటు, నేలకు ఎత్తులో సందులున్న పలకల మంచె ఉంటే పెంటిక కిందికి రాలి కాళ్లు పొడిగా ఉంటాయి. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ, ఒక మూల దశరథ గడ్డి వేసుకోవాలి. కోత తర్వాత వేరుశనగ కట్టె, కంది పొట్టు దాచుకోవాలి. ఎండాకాలం అవే దిక్కు.

2021 తర్వాత జాతీయ పశుగణాభివృద్ధి పథకం మార్పులతో వంద ఆడమేకలు, ఐదు పోతుల యూనిట్ నుంచి ఐదొందలు, పాతిక యూనిట్ వరకు సగం పెట్టుబడి రాయితీ ఇస్తున్నారు. మంచిదే. కానీ వంద మేకల షెడ్డు కట్టగలిగేది చేతిలో భూమి, బ్యాంకులో పూచీ ఉన్నవాళ్లు. పత్తికొండ పల్లెల్లో మేకలున్నది ఎక్కువగా కూలి ఇళ్లలో, ఆడవాళ్ల చేతుల్లో, ఐదారు తలల లెక్కన. కొన్నిచోట్ల సొంత మేక కూడా లేక, ఇంకొకరి మేకను పాలుకు మేపి పుట్టిన పిల్లల్లో సగం తీసుకునేవాళ్లున్నారు. వాళ్లకు షెడ్డు రాయితీ కన్నా ముందు మేసే చోటు కావాలి. ఆ చోటే ఇప్పుడు కంచెల వెనక్కి పోతోంది. ఇదే కర్నూలు సీమలో గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఒక్కటే దాదాపు 6,000 ఎకరాలు తీసుకుంది. కరెంటు అవసరం నిజమే. కానీ ఏ ఎకరం బీడు కాగితంలో బంజరుగా ఉందో, ఆ ఎకరం మీద ఎన్ని ఇళ్ల జీవాలు బతుకుతున్నాయో లెక్కించాకే దాన్ని ఇవ్వాలి.

2022లో పత్తికొండ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మేత పోరంబోకుల హద్దులు తేల్చే, వాటిని ఆక్రమణల నుంచి కాపాడే అధికారం ఇప్పుడు ఊరి దగ్గరికే వచ్చింది. ప్రతి పంచాయతీలో మేత భూమి ఎంత ఉందో గ్రామసభ ముందు చదివి వినిపించాలి. ఆ భూమిలో కొంత భాగాన్ని వంతులవారీగా మూసి, తుమ్మ, రేగు, అవిశ పెంచి, తర్వాత తెరవాలి. ఏ భాగం ఎప్పుడు తెరవాలో కాపరులే కూర్చుని నిర్ణయించాలి, ఆ గుట్టను వాళ్లకన్నా బాగా ఎరిగినవాళ్లు లేరు. పారుడు టీకా ప్రతి మేకకూ, ఐదు తలలున్న కూలి ఇంటికి కూడా, గడువు తప్పకుండా అందాలి. మేక మీద నింద పోవాలంటే దానికి మేసే హక్కు ఉన్న నేలను రికార్డులో ఆ పేరుతోనే రాయాలి.