పేటెంట్ దరఖాస్తుపై అభ్యంతరాలు వచ్చాయా? అధికారితో మాట్లాడే పద్ధతి

మీరు తయారుచేసిన కలుపు తీసే పరికరానికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశారనుకుందాం. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులను చెన్నై పేటెంట్ కార్యాలయంలోనే వేయాలి. పరిశీలన తర్వాత దాదాపు ప్రతి దరఖాస్తుకూ అభ్యంతరాలతో ఒక నివేదిక వస్తుంది. అది తిరస్కరణ కాదు, కంగారు పడవద్దు.

నివేదిక జారీ అయిన తేదీ నుంచి 6 నెలల్లోగా జవాబు ఇవ్వాలి. మీరు చూసిన తేదీ నుంచి కాదు. అది ఈ-మెయిల్‌కే వస్తుంది కాబట్టి నెట్ సెంటర్ వారి మెయిల్ ఇవ్వకుండా మీ సొంతది ఇవ్వండి. గడువు దాటితే దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క. వ్యవధి చాలకపోతే 6 నెలలు ముగియక ముందే ఫారం 4తో మరో 3 నెలలు అడగవచ్చు.

అభ్యంతరం అర్థం కాకపోతే పరీక్షాధికారిని అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు. అయితే నోటి మాట లెక్కకు రాదు. నిర్ణయం తీసుకునేది ఆయన పైనున్న కంట్రోలర్. ఏం మాట్లాడినా జవాబును రాతపూర్వకంగా, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఇవ్వాల్సిందే. హియరింగ్ కావాలంటే గడువుకు కనీసం 10 రోజుల ముందే అడగాలి.

హియరింగ్ వీడియో ద్వారా కూడా జరుగుతుంది, కాబట్టి చెన్నై వెళ్లే పని ఉండకపోవచ్చు. ఎక్కువగా వచ్చే అభ్యంతరం “ఇలాంటిది ఇంతకుముందే ఉంది” అన్నది. దానికి “నాది బాగా పనిచేస్తుంది” అంటే సరిపోదు. పాత పరికరంలో పళ్లు కదలకుండా బిగించి ఉంటాయి, మీ దాంట్లో నేల తడిని బట్టి వాటి కోణం మార్చుకోవచ్చు. ఇలా తేడాను చూపించాలి. ఆ కోణం సంగతి మొదటి దరఖాస్తులోనే రాసి ఉండాలి. అప్పుడు రాయనిది ఇప్పుడు చేర్చనివ్వరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. హియరింగ్‌లో చెప్పినదంతా 15 రోజుల్లోగా రాసి పంపాలి.

సాగు పద్ధతికి, విత్తనానికి పేటెంట్ ఇవ్వరు. ఈ అభ్యంతరం వస్తే వాదించి లాభం లేదు. మీరు కాపాడుకుంటూ వచ్చిన వంగడానికైతే 2001 నాటి రైతుల హక్కుల చట్టం కింద వేరుగా నమోదు ఉంది.

“అధికారి మనకు తెలిసినవాడే, పని చేయిస్తాను” అనే దళారికి డబ్బు ఇవ్వకండి. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంట్ పనిలో సాయం చేస్తుంది. జవాబు రాయడానికి ముందు వారిని అడగండి.