పాతరలోకి దిగిందెవరు?

కోయిలకుంట్ల అనగానే చరిత్ర పుస్తకాలు రెండు సంగతులు చెబుతాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు ఖజానా కొట్టడం, 1847లో ఆయన్ని అక్కడే ఉరితీయడం. అయితే రేనాటి పల్లెల్లో ఇంకో ఖజానా నేలకింద ఉండేది. అదే జొన్నపాతర. దాని మాట వస్తే పండితులు 'రైతు తెలివి' అని మెచ్చుకుని ఊరుకుంటారు. ఏ రైతు? ఎవరి తెలివి?

నీరు ఊరని మెరక నేల చూసి లోతుగా గుంత తవ్వేవాళ్లు. అడుగునా చుట్టూరా చొప్ప, పొట్టు పరిచి, ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ చొప్ప కప్పి మట్టితో మూసేవాళ్లు. లోపల గింజలూ పురుగులూ గాలి పీల్చుకుని ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు చస్తుంది, గింజ నిలుస్తుంది. పాతర రహస్యం ఇదే.

గింజను కాపాడిన ఆ గాలే మనిషిని చంపుతుంది. ఆ వాయువు మామూలు గాలి కన్నా బరువు, గుంత అడుగునే నిలిచిపోతుంది. అందుకే పాతర తెరిచి గాలి పోయేదాకా ఆగాలి. దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. ఇది చదువుకుని వచ్చిన జ్ఞానం కాదు, ప్రాణాలు పోగా వచ్చిన జ్ఞానం. తవ్వడం, దిగడం, గింజ పైకి అందించడం ఎక్కువగా మాల మాదిగ జీతగాళ్ల పని. మూత ఎప్పుడు తీయాలనేది మాత్రం ఆసామి ఇష్టం.

ఆ ఇష్టంలోనే పెత్తనమంతా ఉంది. కళ్లంలో మాదిగలకు దక్కేది మేర, ఊడ్పు గింజలు. అవి అయిపోయినాక వాడ జనం ఆసామి గడపకే పోవాలి. ఆయన నాగుకిస్తాడు. పంట నాటికి వడ్డీ కూడా గింజల్లోనే కొలవాలి. పాతర అంచుల్లో చెమ్మ తగిలి ముక్కిన జొన్నలు కూలికిచ్చినా కాదనలేరు. అంటే పాతర గింజనే కాదు, మనిషినీ పట్టి ఉంచింది.

1876-78 కరువులో ఈ సంగతి బట్టబయలైంది. ధర కూలోడికి అందకుండా పోయింది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. గింజ దాచుకునే చోటు లేనోళ్లే ముందు పోయారని వేరే చెప్పాలా?

వెట్టిని 1976 చట్టం రద్దు చేసింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఆసామి గడప తొక్కాల్సిన అవసరం కొంత తగ్గింది. జొన్నకు బదులు బియ్యం, పాతరకు బదులు గోనెసంచీ, గోదాము వచ్చాయి.

పాతరలు పోయినా గుంతలోకి దిగే పని పోలేదు. 2013 చట్టం కాదంటున్నా సెప్టిక్ ట్యాంకుల్లో ఊపిరాడక చస్తున్నోళ్లలో ఎక్కువమంది దళితులే. దీపం దించి చూడాలన్న తెలివి మనోళ్లకు ఎప్పుడో ఉంది. దించి చూసేదాకా ఆగే హక్కే లేకపోయింది. పాతర చరిత్ర రాసేవాళ్లు ముందు వాడకు పోయి, దిగినోళ్లెవరో, తిరిగి రానోళ్లెవరో అడిగి రాయాలి.