చెరకు ఆకు చెప్పిన రహస్యం

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో చెరకు తోట, వరి మడి ఒకే గట్టుకు అటూ ఇటూ పెరిగాయి. రెండింటికీ నిజాంసాగర్ కాలువ నీళ్లే. ఎండా ఒకటే, గాలీ ఒకటే. ఆ గాలిలోంచి కార్బన్‌ను అందుకునే తీరు మాత్రం వేరు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసేనాటికి ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు.

తెలియడానికి ఒక గుర్తు కావాల్సి వచ్చింది. 1940లో అమెరికాలోని బర్కిలీలో మార్టిన్ కామెన్, శామ్యూల్ రూబెన్ కార్బన్-14ను కనుక్కున్నారు. మందలో తన గొర్రెకు గొల్ల రంగు పూసుకున్నట్టే ఇదీ. మామూలు కార్బన్‌లాగే మొక్కలోకి పోతుంది, ఎక్కడ చేరినా ఎక్స్‌రే ఫిల్ముపై నల్లమచ్చై పట్టిస్తుంది. ఈ గుర్తుతోనే మెల్విన్ కాల్విన్ బృందం పచ్చనాచులో కార్బన్ మొదట మూడు కార్బన్ల ఆమ్లంలో చేరుతుందని తేల్చింది. 1961లో కాల్విన్‌కు నోబెల్ వచ్చింది. మొక్కలన్నిటిదీ అదే దారి అనుకున్నారు.

చెరకు అందుకు ఒప్పుకోలేదు. హవాయి చెరకు తోటల యజమానుల సంఘం ప్రయోగశాలలో హ్యూగో కొర్చాక్, కాన్‌స్టన్స్ హార్ట్, జార్జ్ బర్ చెరకు ఆకుకు కార్బన్-14 గుర్తు పెట్టిన వాయువును కొన్ని సెకన్లే చూపించి, జరుగుతున్న పని ఉన్నచోటే ఆగిపోయేలా చేసి చూశారు. గుర్తు నాలుగు కార్బన్ల మాలిక్, ఆస్పార్టిక్ ఆమ్లాల్లో కనిపించింది. 1965లో ఆ ఫలితం అచ్చయింది. మరుసటి ఏడాదే బ్రిస్బేన్‌లో ఒక చక్కెర కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న హాల్ హ్యాచ్, రోజర్ స్లాక్ ఆ దారికి ఒక నమూనా గీసి చూపారు. రెండు చోట్లా ఖర్చు పెట్టింది చక్కెర పరిశ్రమే. అది నాకు చాలా గొప్పగా తోస్తుంది.

చెరకు ఆకును పల్చగా అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఒక్కో ఈనె చుట్టూ ముదురాకుపచ్చ కణాలు దండలా కనిపిస్తాయి. వరి ఈనె చుట్టూ ఆ పచ్చదనం పలచనే. బయటి కణాల్లోని పెప్ కార్బాక్సిలేజ్ అనే ప్రోటీన్ కార్బన్‌ను పట్టి ఈ దండ లోపలికి పంపుతుంది. వరిలో ఆ మొదటి పట్టు రుబిస్కో అనే ప్రోటీన్‌ది. ఎండ ముదిరేకొద్దీ అది పొరపాటున ఆక్సిజన్‌నూ ఎక్కువగా పట్టుకుంటుంది. పెప్ కార్బాక్సిలేజ్‌కు ఆ పొరపాటు లేదు. మండే ఎండలోనూ చెరకు ఏపుగా పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు ప్రశ్న దారి దాటి, పనిచేసే ప్రోటీన్ ఆకారం దాకా వచ్చింది. అయస్కాంత క్షేత్రంలో ప్రోటీన్‌ను పరిశీలించే ఎన్ఎంఆర్ యంత్రానికి మామూలు కార్బన్-12 మూగది, కార్బన్-13 పలుకుతుంది. ప్రకృతిలో అది నూటికి ఒక పాలే. అందుకే మూసిన గదిలో మొక్కకు కార్బన్-13 వాయువు, నత్రజని-15 కలిపిన లవణాల నీళ్లు ఇచ్చి పెంచుతారు. అప్పుడు అది తయారుచేసే ప్రతి ప్రోటీన్‌లోనూ గుర్తు ఉంటుంది. కార్బన్-14కు ఉన్నట్టు రేడియోధార్మికత మాత్రం ఉండదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, చెరకు ఆకు చెప్పే పాఠం మాత్రం అలాగే ఉంది. నిజామాబాద్, బోధన్ బడుల్లో జీవశాస్త్రం చెప్పే సార్లకు, టీచర్లకు ఒక మనవి: కిరణజన్య సంయోగక్రియ పాఠం రోజున ఒక చెరకు ఆకు, ఒక వరి ఆకు తరగతికి తీసుకెళ్లండి. రెండింటినీ కోసి పిల్లలకు చూపించండి.