పార్టనర్ వీసా నిరీక్షణ కాలంలో మెడికేర్ అర్హత (ఆస్ట్రేలియా)

ఆస్ట్రేలియా పౌరులను లేదా అక్కడి శాశ్వత నివాసులను పెళ్లాడినవారు, వారితో సహజీవనం చేస్తున్నవారు ఆ దేశంలో ఉంటూ పార్టనర్ వీసాకు దరఖాస్తు చేసుకుంటే, నిర్ణయం వెలువడక ముందే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరవచ్చు. 1984 ఫిబ్రవరి 1న మొదలైన మెడికేర్‌కు 1973 నాటి ఆరోగ్య బీమా చట్టం ఆధారం. వీసా చేతికొచ్చాకే వైద్యం అందుతుందని చాలామంది అనుకుంటారు. చట్టం మాత్రం దరఖాస్తునే లెక్కలోకి తీసుకుంటుంది.

చట్టం చెప్పే ‘ఆస్ట్రేలియా నివాసి’ నిర్వచనంలోకి, శాశ్వత వీసాకు దరఖాస్తు పెట్టుకుని దేశంలో ఉంటున్నవారూ వస్తారు. ఆ దరఖాస్తు ఇంకా పరిష్కారం కాకుండా ఉండాలి. దరఖాస్తుదారుకు పనిచేసే అనుమతైనా ఉండాలి, లేదంటే జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, సంతానంలో ఒకరైనా పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. పార్టనర్ వీసా కోరేవారికి ఈ రెండో షరతు ఎలాగూ తీరుతుంది. తల్లిదండ్రుల వీసా దరఖాస్తులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఒకే ఇంట్లో కోడలికి మెడికేర్ కార్డు ఉండి, తమ వీసా కోసం ఎదురుచూస్తున్న అత్తమామలకు లేకపోవడం అందువల్లే.

దేశం లోపలి నుంచి పెట్టేది 820, 801 తరగతుల జంట దరఖాస్తు. 9,000 ఆస్ట్రేలియా డాలర్లు దాటిన రుసుముతో రెండింటికీ ఒకేసారి దరఖాస్తు చేస్తారు. 820 తాత్కాలిక వీసా. శాశ్వతమైన 801ను సాధారణంగా దరఖాస్తు పెట్టిన రెండేళ్లకు పరిశీలిస్తారు. శాశ్వత వీసా దరఖాస్తు మొదటి రోజే దాఖలైపోతుంది కాబట్టి అర్హతకు ఆ రోజే మొదలు. పాస్‌పోర్టు, దరఖాస్తు అందినట్టు హోం శాఖ పంపిన లేఖ, బంధుత్వ రుజువు చూపితే మెడికేర్‌ను నడిపే సర్వీసెస్ ఆస్ట్రేలియా నీలిరంగు తాత్కాలిక కార్డు ఇస్తుంది. శాశ్వత నివాసం వచ్చాక దాని స్థానంలో ఆకుపచ్చ కార్డు వస్తుంది. నీలి కార్డుకు గడువు ఉంటుంది, అది తీరేలోగా పొడిగించుకోవాలి.

రంగు వేరైనా వైద్యంలో తేడా ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితం. బల్క్ బిల్లింగ్ చేసే, అంటే బిల్లును నేరుగా మెడికేర్‌కే పంపే డాక్టరు దగ్గర రోగి చెల్లించేదేమీ ఉండదు. రాయితీ జాబితాలోని మందుకు చెల్లించాల్సిన గరిష్ఠ మొత్తం 2026 జనవరి 1 నుంచి 25 డాలర్లు. అంబులెన్సు ఖర్చు, పెద్దల పంటి వైద్యం మెడికేర్ కిందికి రావు. అర్హత ఉన్నవారి ఆదాయంపై మెడికేర్ లెవీ అనే పన్ను కూడా పడుతుంది. అది సాధారణంగా 2 శాతం.

భారతదేశం నుంచి పార్టనర్ వీసా కోసం 309, 100 తరగతులకు దరఖాస్తు పెట్టినవారు సాధారణంగా 309 మంజూరై ఆస్ట్రేలియాలో దిగాక మెడికేర్‌లో చేరతారు. పెళ్లి చేసుకోవడానికి ఇచ్చే 300 తరగతి వీసా శాశ్వత వీసా దరఖాస్తు కిందికి రాదు. ఆ వీసాపై వెళ్లినవారు పెళ్లయి, 820 దరఖాస్తు పెట్టేదాకా సొంత బీమా మీదే ఆధారపడాలి. ఇక్కడ గర్భిణులకు చిక్కుంది. సందర్శకుల ప్రైవేటు బీమాలో ప్రసవ ఖర్చులకు సాధారణంగా 12 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. ఆస్ట్రేలియాతో పరస్పర వైద్య ఒప్పందం ఉన్న 11 దేశాల్లో భారత్ లేదు కనుక ఆ దారీ మూసుకుపోయినట్టే.

విద్యార్థి వీసాపై ఉండి 820కి దరఖాస్తు చేసినవారికి ఇంకో మెలిక ఉంది. నిర్ణయం వచ్చేదాకా దేశంలో ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా, పాత వీసా గడువు తీరేవరకు అమల్లోకి రాదు. ఆలోగా విద్యార్థి వీసాతో వచ్చిన ఆరోగ్య బీమా షరతు (8501వ నంబరు) అలాగే కొనసాగుతుంది. మెడికేర్ కార్డు వచ్చింది కదా అని విద్యార్థి బీమాను రద్దు చేసుకోవడం తొందరపాటే.

దరఖాస్తు తిరస్కరణకు గురైనంత మాత్రాన అర్హత పోదు. 2024 అక్టోబరు 14న ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్‌కు గడువులోగా అప్పీలు చేసుకుంటే, అక్కడ తేలేవరకు దరఖాస్తు పెండింగులో ఉన్నట్టే. దరఖాస్తును వెనక్కి తీసుకుంటే మాత్రం దాని ఆధారంగా వచ్చిన అర్హత అక్కడితో ముగుస్తుంది.