ఆస్పత్రి మంచం ఎలా ఓడిపోయింది? గుండె, ఊపిరితిత్తుల పేషెంట్లు లేచి నడిచిన కథ

ఈరోజు కథలో రాజులు లేరు, కోటలు లేవు. ఒక మంచం ఉంది. ఆస్పత్రి మంచం. వందల ఏళ్ళు డాక్టర్లు, ఇంట్లో వాళ్ళు అందరూ కలిసి నమ్మిన మంచం.

1984 ఆగస్టు నుంచి మొదలుపెడదాం. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్. వయసు 61. అమెరికాలో గుండెకు బైపాస్ సర్జరీ అయింది. ఇంకా కోలుకుంటుండగానే గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని పదవి నుంచి తీసేసి నాదెండ్ల భాస్కరరావుని సీఎం చేశారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ పోయారు. వీల్ చెయిర్‌లో రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళి జైల్ సింగ్ ముందు తన బలం చూపించారు. సెప్టెంబర్ 16న మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు.

దీన్ని మనం ఎప్పుడూ రాజకీయంగానే చూస్తాం. ఒక్కసారి మెడికల్‌గా చూడండి. అంతకు యాభై ఏళ్ళ ముందు హార్ట్ ఎటాక్ వచ్చిన మనిషికి ఢిల్లీ ప్రయాణం సంగతి దేవుడెరుగు, మంచం మీద తనంతట తాను పక్కకు తిరగడానికి కూడా పర్మిషన్ ఉండేది కాదు. అన్నం ఇంకొకరు తినిపించాలి. గడ్డం ఇంకొకరు గీయాలి. ఆ యాభై ఏళ్ళలో ఏం మారింది? అదే ఈరోజు మన టాపిక్.

మంచం ఎందుకు గెలిచింది?

నిజానికి మొదటి క్లూ చాలా పాతది. విలియం హెబర్డెన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1772లో ఆంజైనా గురించి, అంటే నడిస్తే ఛాతీ పట్టేసే నొప్పి గురించి, మొదటిసారి క్లియర్‌గా రాశాడు. తన పేషెంట్లలో ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకున్నాడట, దాంతో నొప్పి దాదాపు పోయిందట. అదీ రాసిపెట్టాడు. కానీ ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. 1912లో చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ ఒక విషయం గట్టిగా చెప్పాడు: గుండె రక్తనాళం గడ్డకట్టి మూసుకుపోయినా మనిషి బతకొచ్చు. అప్పటికి స్టెంట్ లేదు, బైపాస్ లేదు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ లేదు. డాక్టర్ చేతిలో ఉన్నది రెస్ట్ ఒక్కటే. 1939లో పాల్ డడ్లీ వైట్ ఉన్న ఒక టీమ్, చనిపోయిన వాళ్ళ గుండెలను పరీక్షించి, దెబ్బతిన్న చోట గట్టి మచ్చ కట్టడానికి సుమారు ఆరు వారాలు పడుతుందని తేల్చింది. సరే, అంతవరకు కదలకుంటే మంచిది కదా! ఆరు వారాల బెడ్ రెస్ట్ రూల్‌కి సైన్స్ సపోర్ట్ దొరికింది.

వినడానికి లాజిక్ కరెక్ట్‌గానే ఉంది. విరిగిన కాలికి కట్టు కడతాం కదా, అలాగే అనిపిస్తుంది. కానీ గుండె కాలు లాంటిది కాదు. మీరు పడుకున్నా అది రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, దానికి కట్టు కట్టలేం. పైగా మనిషి కదలకుండా ఉంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా వస్తుంది. కండలు కరుగుతాయి. గుండె జబ్బు నుంచి తప్పించుకున్న మనిషిని మంచం పట్టుకునేది.

ఒక కుర్చీ చేసిన తిరుగుబాటు

బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, ఆయన దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్ బెర్నార్డ్ లౌన్ కలిసి ఒక చిన్న పని చేశారు. హార్ట్ ఎటాక్ పేషెంట్లను పట్టుకుని లేపి, మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. నడిపించలేదు, పరిగెత్తించలేదు. కూర్చోబెట్టారు, అంతే. అయినా ఆస్పత్రిలో గోల గోల. పేషెంట్లను చంపుతున్నారని తోటి డాక్టర్లు మండిపడ్డారు. రౌండ్స్‌కి పోతే హిట్లర్‌కి కొట్టే సెల్యూట్ కొట్టి వెక్కిరించారని లౌన్ తర్వాతి రోజుల్లో రాసుకున్నారు.

1952లో వాళ్ళు 81 మంది పేషెంట్ల వివరాలు పబ్లిష్ చేశారు. కుర్చీ వల్ల నష్టం కనిపించలేదు. మనుషులు త్వరగా తేరుకున్నారు, భయం తగ్గింది. అన్నట్టు, తర్వాత కరెంట్ షాక్‌తో గుండె లయను సరిచేసే డీసీ డీఫిబ్రిలేటర్‌ని తెచ్చిన లౌన్ ఈయనే. 1985లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న డాక్టర్ల సంస్థను స్థాపించిన వాళ్ళలోనూ ఈయన ఒకరు.

మరుసటి ఏడాది, 1953లో, లండన్ నుంచి ఇంకో దెబ్బ. జెర్రీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెక్కర్ బస్సుల స్టాఫ్‌ని స్టడీ చేశాడు. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ రోజంతా మెట్లెక్కి దిగుతాడు. బస్సు ఒకటే, కంపెనీ ఒకటే. కానీ గుండె జబ్బులు కండక్టర్లలో బాగా తక్కువ. వచ్చినా అంత ప్రాణాంతకంగా రాలేదు. మన ఆర్టీసీ బస్సెక్కినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

1955 సెప్టెంబర్ 24న అమెరికా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కి హార్ట్ ఎటాక్ వచ్చింది. మార్కెట్లు తెరిచిన మొదటి రోజే స్టాక్స్ 6 శాతానికి పైగా పడిపోయాయి. ట్రీట్‌మెంట్‌కి పిలిచింది ఎవర్నో తెలుసా? ఆరు వారాల మచ్చ లెక్క చెప్పిన టీమ్‌లోని పాల్ డడ్లీ వైటే! ఈసారి ఆయన టీవీలు, పేపర్ల ముందు దేశం మొత్తానికి గుండె గురించి పాఠం చెప్పాడు. పేషెంట్‌ని మెల్లగా కుర్చీలోకి, తర్వాత నడకలోకి తీసుకొచ్చారు. హార్ట్ ఎటాక్ వచ్చినంత మాత్రాన మనిషి పని అయిపోయినట్టు కాదని నమ్మించాడు. ఐసెన్‌హోవర్ 1956లో మళ్ళీ గెలిచాడు.

ఇక మంచానికి చివరి దెబ్బ 1966లో డల్లాస్‌లో పడింది. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్ళను, ఇరవై ఏళ్ళ వాళ్ళను, మూడు వారాలు మంచంలో పడుకోబెట్టారు. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అసలు మజా ముప్పై ఏళ్ళ తర్వాత. అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు తీసినంత సామర్థ్యం కంటే ఆ మూడు వారాల మంచం తీసిందే ఎక్కువ. ఇదంతా జబ్బు లేని కుర్రాళ్ళ సంగతి. ఇక అరవై ఏళ్ళ పేషెంట్ గురించి ఆలోచించండి.

ఊపిరితిత్తుల కథ మన దగ్గరే ఉంది

ఊపిరితిత్తుల జబ్బుల్లో మంచం పెత్తనం ఇంకా ఎక్కువ. మందులు లేని రోజుల్లో టీబీకి ట్రీట్‌మెంట్ అంటే శానిటోరియం. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి రెస్ట్. మనకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా, అది 1912లో మొదలైన మిషన్ శానిటోరియం. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. తెలంగాణలో వికారాబాద్ అనంతగిరి కొండల మీద కూడా టీబీ శానిటోరియం పెట్టారు. చల్లగాలి కోసం పేషెంట్లను అక్కడికి పంపేవాళ్ళు.

రెస్ట్ రాజ్యమేలుతున్న ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లోని ఫ్రిమ్లీలో మార్కస్ పాటర్సన్ అనే డాక్టర్ 1905 నుంచి వేరే రూట్ పట్టాడు. శానిటోరియంలో బాగా తిని, బలిసి, ఇంటికి పోయిన పేషెంట్లు పనిలో దిగగానే కుప్పకూలుతున్నారని గమనించాడు. అందుకని జ్వరం తగ్గిన వాళ్ళకు మెట్లు మెట్లుగా పని ఇచ్చాడు. మొదట కొద్ది దూరం నడక. తర్వాత ఎక్కువ దూరం. తర్వాత మట్టి బుట్టలు మోయడం, ఆ తర్వాత పార, చివరికి గునపం. జ్వరం మళ్ళీ వస్తే వెంటనే ఆపి రెస్ట్. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి: కొలిచి ఇవ్వడం, చూసి పెంచడం, తేడా వస్తే ఆపడం.

1956లో మద్రాసులో మొదలైన స్టడీ ప్రపంచాన్నే మార్చేసింది. మందులు అప్పటికి వచ్చాయి. టీబీ పేషెంట్లను రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూప్ శానిటోరియంలో. ఇంకో గ్రూప్ మద్రాసు పేటల్లో, ఇరుకు ఇళ్ళల్లో, తక్కువ తిండితో, పనులు చేసుకుంటూ. మందులు ఇద్దరికీ అవే. ఏడాది తర్వాత జబ్బు అణిగినవాళ్ళు శానిటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. అంత సౌకర్యానికి, అంత రెస్ట్‌కి వచ్చిన తేడా అంతే! మందు పనిచేస్తుంటే నెలల తరబడి మంచం అక్కర్లేదని తేలింది. తర్వాత ప్రపంచమంతా శానిటోరియంలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

టీబీ తర్వాత సీవోపీడీ, అంటే పొగాకు, కట్టెల పొయ్యి పొగ లాంటి వాటితో ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు. 1952లో అమెరికాలో ఆల్వన్ బారక్ అనే డాక్టర్, ఆయాసం ఉన్నవాళ్ళకు కూడా ఆక్సిజన్ ఇస్తూ ఎక్సర్‌సైజ్ చేయిస్తే మంచిదన్నాడు. 1960ల్లో డెన్వర్‌లో థామస్ పెటీ దాన్ని ఒక ప్రోగ్రామ్‌గా మార్చాడు. ఇక్కడ ఒక చిత్రమైన విషయం ఉంది. ఎక్సర్‌సైజ్ ఊపిరితిత్తులను రిపేర్ చేయదు. మరి ఆయాసం ఎలా తగ్గుతుంది? ఆయాసం వస్తుందని మనిషి నడక మానేస్తాడు. మానేస్తే కాళ్ళ కండలు వీక్ అవుతాయి. వీక్ అయిన కండలు అదే పనికి ఎక్కువ ఊపిరి అడుగుతాయి. ఆయాసం ఇంకా పెరుగుతుంది. రిహాబ్ ఈ చక్రాన్ని కాళ్ళ దగ్గర విరుస్తుంది.

ఫిజియో ఏం చేస్తారు?

మన దేశంలో ఫిజియోథెరపీ చదువు 1950ల మొదట్లో బొంబాయిలో మొదలైంది. పోలియో పిల్లల కోసం అవసరం పడింది. అందుకే ఇప్పటికీ ఫిజియో అంటే మోకాళ్ళు, నడుము, పక్షవాతం అనుకుంటాం. గుండెకు, ఊపిరితిత్తులకు కూడా ఫిజియో ఉంటారని చాలామందికి తెలియదు.

బైపాస్ తర్వాత ఛాతీకి దిండు అదిమిపట్టుకుని దగ్గడం నేర్పించేది వాళ్ళే. కోవిడ్ టైమ్‌లో మూడు బాల్స్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా చూశారు కదా, దాంతో ఊపిరి గట్టిగా లోపలికి లాగడం చేయిస్తారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు. ఊపిరిని, దీపం ఆరిపోకుండా మంట మాత్రం వణికేటట్టు, పెదాలు ముడిచి మెల్లగా వదలడం నేర్పిస్తారు. ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 దాకా నంబర్ చెప్పమంటారు. అది స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన స్కేల్. ఇంకా సింపుల్ టెస్ట్ ఒకటుంది: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడుతుంటే స్పీడ్ చాలలేదు. మాట కూడా రాకపోతే ఎక్కువైంది.

అంటే మంచం మీద గెలిచింది ఇష్టమొచ్చినట్టు నడక కాదు, లెక్క ఉన్న నడక. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, కొత్త కోడ్‌ని ఒకేసారి అందరు యూజర్ల మీదకి వదలం, కొద్దికొద్దిగా వదిలి మానిటర్ చేస్తాం. అదే పద్ధతి. ఎన్టీఆర్ 1984లో చేసింది రిహాబ్ కాదు, దాన్ని ఎవరూ కాపీ కొట్టొద్దు!

ఫలితాలు కూడా ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా చేసిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, ఎక్సర్‌సైజ్ రిహాబ్ చేసిన గుండె పేషెంట్లలో గుండె జబ్బుతో చనిపోయే ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గింది. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, దాదాపు నాలుగు వేల మంది హార్ట్ ఎటాక్ పేషెంట్లతో యోగా-కేర్ అనే ట్రయల్ జరిగింది, 2020లో రిజల్ట్స్ వచ్చాయి. ట్రెడ్‌మిల్ లేకుండా, యోగాతో చేసిన రిహాబ్ అది. మరణాలు, మళ్ళీ ఎటాక్‌లు తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవాళ్ళు, పాత పనుల్లోకి తిరిగి వెళ్ళినవాళ్ళు యోగా గ్రూప్‌లో ఎక్కువ.

మరి మన ఊళ్ళల్లో?

మాది మెదక్ జిల్లా ఎల్దుర్తి. స్టెంట్ వేయించుకుని ఊరికి వచ్చిన మనిషికి మా దగ్గర ఏం జరుగుతుందో, మీ ఊళ్ళో కూడా అదే జరుగుతుంది. చుట్టాలు పండ్లు పట్టుకుని వస్తరు. "బాపూ, నువ్వు మంచం దిగకు, ఏం కావాల్నో మాకు చెప్పు" అంటరు. అది ప్రేమే. కానీ 1939 నాటి ప్రేమ. ఆ మనిషి అంతకుముందు రోజూ పొలం కాడికి నడిచి పోయేటోడు. ఇప్పుడు బాత్రూమ్‌కి పోవాలన్నా కొడుకు భుజం కావాలి. గుండె బాగైంది, మనిషి మంచాన పడ్డడు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఊరి మనిషికి కూడా గుండె ఆపరేషన్ అందింది. చాలా పెద్ద మార్పు అది. రిహాబ్ సెంటర్లు మాత్రం ఎక్కువగా పెద్ద సిటీల్లోనే ఉన్నాయి. ఎల్దుర్తి నుంచి హైదరాబాద్ పోయి రావడం అంటే ఒక రోజు పని పోయినట్టే. వారానికి మూడుసార్లు ఎవరు పోతరు? కానీ నేర్చుకోవాల్సింది ఆస్పత్రిలోనే నేర్చుకుని వస్తే, మిగతాది ఊళ్ళోనే చేసుకోవచ్చు. చెరువు కట్ట ఉంది, పొద్దున చల్లగాలి ఉంది, వెంట నడవడానికి మనవడో మనవరాలో ఉన్నారు.

అందుకే ఈ పని మీది. ఇంట్లో ఎవరికైనా స్టెంట్, బైపాస్, హార్ట్ ఎటాక్, సీవోపీడీ అయితే, డిశ్చార్జ్ రోజు ఫార్మసీ బిల్లుతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, రేపటి నుంచి రోజుకి ఎన్ని నిమిషాలు నడవాలి, వారం వారం ఎంత పెంచాలి? రెండు, ఏ పనులు ఎన్ని వారాలు చేయకూడదు, బరువు ఎంత వరకు ఎత్తొచ్చు? మూడు, ఏ లక్షణం కనిపిస్తే ఆపేసి ఆస్పత్రికి రావాలి? ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, గుండె దడ, కాళ్ళ వాపు, వీటి గురించి ప్రత్యేకంగా అడగండి. మీ ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకోండి, ఇంటికి పోయాక పేషెంట్‌కి వినిపించండి. యూట్యూబ్ చూసి, నా వీడియో చూసి అయినా సరే, డాక్టర్‌ని అడక్కుండా ఎవర్నీ నడిపించకండి.

ఆ మూడు ప్రశ్నలను స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి.