లైంగిక దాడి తర్వాత హెచ్‌ఐవీ నివారణ చికిత్స

లైంగిక దాడికి గురైనవారికి హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులపాటు ఇచ్చే మందుల కోర్సు. వైద్యుల వాడుకలో ‘పెప్’. భారత్‌లో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్రను సాధారణంగా రోజుకొకటి చొప్పున ఇస్తారు. దాడి జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టాలంటారు గానీ, దాన్ని ఆఖరి హద్దుగానే చూడాలి తప్ప వెసులుబాటుగా కాదు. ఆ లెక్కకు ముఖ్య ఆధారం కోతులపై ప్రయోగాలు: 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో మందు ఆలస్యమైనకొద్దీ, వాడిన రోజులు తగ్గినకొద్దీ రక్షణ సన్నగిల్లింది. మనుషుల విషయంలో, సూదిపోటుకు గురైన వైద్య సిబ్బందిపై 1997లో వచ్చిన అధ్యయనం జిడోవుడిన్ అనే మందు వల్ల ముప్పు దాదాపు 81 శాతం తగ్గిందని అంచనా వేసింది. మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పోల్చే ప్రయోగం నైతికంగా కుదరదు కనుక, ఆధారాల్లో ఈ వెలితి తీరేది కాదు. ముప్పే స్వల్పం కదా అన్న వాదనా ఉంది. అవతలివారికి హెచ్‌ఐవీ ఉంటే, ఒక్కసారి సంపర్కంలో యోని మార్గాన సుమారు 10,000కు 8, ఆసన మార్గాన 138 అన్నవి తరచూ ఉటంకించే అంకెలు. అవి బలవంతం లేని సందర్భాలకు చెందినవి. గాయాలైనా, దాడిచేసినవారు ఎక్కువమందైనా ముప్పు పెరుగుతుందనే భావిస్తారు.

తొలి మాత్రకు ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు, పరీక్ష ఫలితం కోసం ఆగనూ అక్కర్లేదు. సీఆర్‌పీసీలో 2013 సవరణతో వచ్చిన 357సీ సెక్షన్ (2024 జులై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 397) ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు సైతం అత్యాచార బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, పోలీసులకూ తెలపాలి, నిరాకరించడం నేరం. మందు వేస్తే సాక్ష్యం చెడుతుందన్న అభ్యంతరం నిలవదు. నోటి స్వాబ్ అవసరమైతే ముందు అది తీసి, తర్వాత మంచినీళ్లతో మాత్ర ఇస్తే సరి. నిందితుడికి నెగెటివ్ వచ్చిందని కోర్సు ఆపడమూ తొందరపాటే, అతడు వైరస్ సోకినా పరీక్షలో ఇంకా బయటపడని దశ (విండో పీరియడ్)లో ఉండవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతి 28 రోజులది. వికారం, ఇంట్లో మాత్రలు దాచుకోవాల్సి రావడం, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కలేకపోవడం వల్ల చాలామంది కోర్సు మధ్యలోనే మానేస్తారు. అందుకే మూడు రోజుల మందులిచ్చి మళ్లీ రమ్మనేకంటే మొత్తం కోర్సు ఒకేసారి చేతికివ్వడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొగ్గూ అటే. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోమని చెప్పాలి. దాడి జరిగిన మూడు నెలలకు, కొన్ని మార్గదర్శకాల ప్రకారం ఆరు నెలలకూ రక్తపరీక్ష చేస్తారు. ఆ పరీక్షకు సమ్మతి, ఫలితానికి గోప్యత 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఇచ్చిన హక్కులు.