నామినీ పక్కన ఒక గడి

బ్యాంకులో ఖాతా తెరిచే అర్జీలో నామినీ పేరు పక్కన 'సంబంధం' అని ఒక చిన్న గడి ఉంటుంది. భార్య, భర్త, కొడుకు, కూతురు - మామూలుగా ఈ నాలుగు మాటల్లో ఒకటి రాస్తే పని అయిపోతుంది. ఏళ్ల తరబడి ఆ గడిని చూస్తూ వచ్చినవాణ్ణి గనుక, స్వలింగ వివాహం మీద జరిగే వాదోపవాదాలన్నీ చివరికి అక్కడికే వచ్చి చేరతాయని నాకనిపిస్తుంది.

పెండ్లి విషయంలో సర్కారు చేయి పెట్టవచ్చునా అనే తగాదా మన సీమకు కొత్త కాదు. గుడిబండె మైసూరు సంస్థానపు కోలారు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1894లో, ఆ ప్రభుత్వం శిశువివాహాలను నిరోధించే చట్టం తెచ్చింది. ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయరాదు. యాభై దాటిన మగవాడు పద్నాలుగేళ్లలోపు పిల్లను చేసుకోరాదు. ఇంతేనా అని ఈనాడు మనకు అనిపించవచ్చు. ఆనాడు మాత్రం శాస్త్రం చెప్పినదాంట్లో కచేరికేం పని అని అడిగినవారున్నారు. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది 1929లో గదా! అటు రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తమ మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. దాన్ని అనుమతించే చట్టం 1856 నుంచీ ఉంది. అంటే చట్టం ముందు వచ్చి పాతికేళ్లు పెండ్లికూతురి కోసం ఎదురుచూసింది. ఇప్పటి తగాదాలో వరుస తిరగబడింది. జంటలు వచ్చి నిలబడి ఉన్నాయి, చట్టం రాలేదు.

చట్టం రాకపోవడం ఒక ఎత్తు. ఎన్నటికీ రాకుండా రాజ్యాంగంలోనే తాళం వేయడం ఇంకొక ఎత్తు. ఆ రెండో ప్రయత్నం అమెరికాలో జరిగింది. 2003 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం స్వలింగ జంటలకు పెండ్లి హక్కు ఉందని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలు. పెండ్లి అంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ మధ్య జరిగేదేనని దేశ రాజ్యాంగంలో రాయాలన్న సవరణకు అధ్యక్షుడు బుష్ 2004 ఫిబ్రవరిలో మద్దతు పలికాడు. అక్కడ రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 రాష్ట్రాల సమ్మతి కావాలి. జులైలో సెనేటులో చర్చ ముగించడానికే 60 ఓట్లు కావలసి ఉండగా దొరికినవి 48. బుష్ పక్షంవాడే అయిన మెకెయిన్ కూడా ఇది రాష్ట్రాలు చూసుకోవలసిన పని అని ఎదురు నిలిచాడు. సెప్టెంబరులో ప్రతినిధుల సభలో 227 మంది ఔనన్నారు, 186 మంది కాదన్నారు. అదీ చాలలేదు. 2006లో మళ్లీ ప్రయత్నించి మళ్లీ ఓడారు.

దేశపు తాళం పడలేదు గాని రాష్ట్రాల తాళాలు పడ్డాయి. 2004 నవంబరు 2న ఒక్కరోజే 11 రాష్ట్రాల ఓటర్లు తమ తమ రాజ్యాంగాల్లో ఈ నిషేధం రాసుకున్నారు. మన పిల్లలు ఉద్యోగాలకని వెళ్లి స్థిరపడిన టెక్సాస్ 2005లోనూ, కాలిఫోర్నియా 2008లోనూ అదే దారి పట్టాయి. 2015 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఇటువంటి నిషేధాలేవీ చెల్లవన్నది. చెల్లకపోయినా రాసిన రాత పుస్తకంలో ఉండనే ఉంది. కాలిఫోర్నియా ఓటర్లు దాన్ని 2024 నవంబరులో తుడిచేశారు. తెల్లవారికీ నల్లవారికీ పెండ్లి కూడదన్న పాత నిషేధం కూడా ఇలాంటిదే. 1967లోనే చెల్లకుండా పోయినా అలబామా రాజ్యాంగంలో అది 2000 దాకా కూర్చునే ఉంది.

మన రాజ్యాంగంలో అటువంటి నిషేధం లేదు. వివాహం ఉమ్మడి జాబితాలోని విషయం, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ చట్టం చేయవచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 'ఏ ఇద్దరు హిందువుల మధ్యనైనా' అని మొదలుపెట్టి, ఆ వెంటనే వరుడు, వధువు అంటుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్లు నిండాలంటుంది. హైదరాబాదులో కాపురముంటున్న ఇద్దరు యువకులు ఈ రెండో చట్టాన్ని పట్టుకునే 2022లో సుప్రీంకోర్టుకెక్కారు. సుప్రియో కేసుగా పేరుపడింది అదే.

ఇది పట్టణాల్లోని పైవర్గం ఆలోచన అని కేంద్రం తన ప్రమాణపత్రంలో అన్నది. నాకు ఆ మాట రుచించలేదు. పల్లెల్లో ఇటువంటివారు లేరని ఎవరు లెక్కపెట్టారు? కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మతపెద్దలను సంప్రదించి తాము వ్యతిరేకమని తెలిపింది. రాజస్థాన్, అస్సాం కూడా కాదన్నాయి. మరికొన్ని గడువు అడిగాయి. 1894 నాటి మైసూరు శాస్త్రం తెలిసినవారిని మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే ఆ చట్టం వచ్చేదా అన్నది నా సందేహం.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువడింది. పెండ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఒప్పుకున్నారు. కనీసం ఆ బంధాన్ని గుర్తించే బాధ్యత సర్కారుకు ఉందా అన్నచోట చీలిక వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఉందన్నారు. జస్టిస్ భట్, అంతకుముందు తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, తెలుగువారైన జస్టిస్ నరసింహ లేదన్నారు. 3-2. చట్టం చేయవలసింది శాసనసభలేనన్నారు. 2025 జనవరిలో పునస్సమీక్ష అర్జీలూ కొట్టివేశారు. కోర్టు పరిధి ఎంతవరకో చెప్పగల న్యాయశాస్త్రం నాకు రాదు, నేను చదివింది కామర్సు. ఒకటి మాత్రం తెలుసు. తాళం వేయలేదు, తలుపూ తీయలేదు.

ఈ మధ్యలో మా కౌంటరుకు సంబంధించిన కబురొకటి వచ్చింది. ఇటువంటి జంటలు జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. మంచిదే. కాని అడ్డు అంతకుముందూ లేదు. స్నేహితులైనా జాయింటు ఖాతా తెరవవచ్చు. చిక్కు ఉన్నది చావు తర్వాత. నామినీ డబ్బు తీసుకుంటాడు గాని సొంతదారు కాడు, వారసుల తరఫున పుచ్చుకునేవాడు మాత్రమే. జీవిత బీమా నామినీ గురించి సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట చెప్పింది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో మళ్లీ చెప్పింది. ఇరవై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరిలో ఒకరు పోతే, ఏనాడూ గడప తొక్కని అన్నదమ్ములు వచ్చి ఆ డబ్బు మాదంటే కోర్టు వారి మాటే వింటుంది. భార్య అయి ఉంటే ఈ బెడద రాదు.

వెనుక ఒక శాఖలో పనిచేస్తుండగా ఇద్దరు నడివయసు స్త్రీలు వచ్చి కలిసి డిపాజిట్ వేశారు. సంబంధం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని 'స్నేహితురాలు' అని రాశారు. నేనేమీ అడగలేదు. రసీదు ఇస్తూ, "వీలునామా కూడా రాసుకోండమ్మా, తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి" అన్నాను. పెద్దామె, "సాక్షులకు ఏమని చెప్పాలి సార్?" అని అడిగింది.